ఎడమచేతి నడక

“ఇంకొక్కసారి వాయించు,” అన్నారు మాస్టారు.

ఆమె అప్పటికే కుర్చీలోంచి సగం లేచింది. పొద్దుటినుంచి లాండ్రీలో ఇస్త్రీపెట్టె తోసీ తోసీ కుడిభుజం పీకేస్తోంది.

“చేతులు లేవటం లేదు మాస్టారూ,” అంది ఆర్గన్ మెట్ల కేసి చూస్తూ.

తలెత్తి చూస్తే ఆయన మొహం చిట్లించుకుని ఉన్నారు.

“తల దించుకుని గొణగొద్దని ఎన్నిసార్లు చెప్పాలి? ఏదన్నా చెప్పాలంటే నా మొహం చూసి చెప్పు.”

ఆమె అదే మాట మొహం చూసి చెప్పింది.

“చేతులెందుకు? ఎడమచెయ్యి ఒక్కటి చాలు. కూర్చో.”

కూర్చుంది.

ఆమె, తమ్ముడు, వాడి స్నేహితుడు కలిసి శనివారాలు ఒక డాన్సు హాల్లో జాజ్ వాయించేవాళ్ళు. ఆమెది ఆర్గన్, తమ్ముడిది డ్రమ్స్, స్నేహితుడిది కింది స్వరాలు పలికే బేస్ గిటార్. స్నేహితుడు పెళ్ళి చేసుకుని వేరే ఊరు వెళ్ళిపోయాక పాటకి అడుగున బరువు లేకుండా పోయింది. ఆడాల్సిన జనం కుర్చీలకు అతుక్కుపోయారు. “ఈ వేసవి సెలవులు అయ్యేలోగా బేస్ సంగతి చూసుకోండి. లేదంటే స్పీకర్లలో పాటలు పెట్టేసుకుంటా,” అన్నాడు మేనేజరు.

కొత్తవాడెవడూ దొరకలేదు. మిగిలిన దారి ఒక్కటే. కుడిచెయ్యి పాట వాయిస్తుంటే ఎడమచెయ్యి కింది స్వరాల మీద ఆగకుండా, మనిషి నడిచినట్టు, అడుగు తర్వాత అడుగు వేస్తూ పోవాలి. వాద్యాలు బాగుచేసే షాపతను ఈ మాస్టారి ఇల్లు చూపించాడు. “ఒకప్పుడు ఆయన ఎడమచెయ్యి వింటే మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా లేచి ఆడేవాళ్ళు. కాకపోతే ముక్కోపి. ఆయన దగ్గర ఎవరూ నిలవరు.”

మొదటిరోజే ఆమెకు సంగతి అర్థమైంది. తనకు బాగా వచ్చిన పాటను కుడిచేత్తో ఎంతో ముద్దుగా వాయించి చూపిస్తే, ఆయన కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చున్నారు. “అదంతా నాకెందుకు? ఎడమచెయ్యి చూపించు,” అన్నారు.

ఆ తర్వాత ఎప్పుడూ కుడిచేతి ఊసే ఎత్తలేదు. స్పీకరుండే పెద్ద చెక్కపెట్టె పక్కకి కుర్చీ లాక్కుని, దాని మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు ఆమె వేళ్ళ మీదే ఉంచేవారు. కింది స్వరం పలికినప్పుడల్లా ఆ పెట్టె మీది టీ కప్పు వణికేది.

“కుంటుతున్నావు.”

“ఆ వేలు కాదు, పక్కది.”

“బరువేది? పిల్లి నడిచినట్టుంది.”

ఆ ఎడమచేతికి జన్మలో ఏ పనీ అలవాటు లేదు. లాండ్రీలో కూడా చొక్కా కాలర్లు సర్దటమే దాని ఉద్యోగం. ఇప్పుడు బస్సులో నిలబడ్డా, అన్నం తింటున్నా దాని వేళ్ళు వాటంతటవే కదిలేవి. తమ్ముడు నవ్వేవాడు. ఆమెకు నవ్వే ఓపిక కూడా ఉండేది కాదు.

ఒక సాయంత్రం, ఎలా కుదిరిందో ఏమో, పాట మొదలు నుంచి చివరిదాకా ఎడమచెయ్యి ఎక్కడా తడబడకుండా నడిచింది. మాస్టారు మొదటిసారి కళ్ళు మూసుకున్నారు. పాట ఆగగానే నిద్రలోంచి ఎవరో తట్టి లేపినట్టు కళ్ళు తెరిచారు.

“ఇంకోసారి.”

వాయించింది.

“ఇంకోసారి.”

“బాగుందా మాస్టారూ?”

“ఇంకోసారి వాయించు.”

ఆమెకు ఒళ్ళు మండింది. ఆయనకెదురుగా తిరిగింది. “నేనేమన్నా కీ ఇస్తే ఆడే బొమ్మనా? పొద్దుటినుంచి నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయాయి. ఒక్క మంచి మాట అనరు, లేచి పోనివ్వరు!”

ఆయన మొహం చిన్నబోయింది.

“అలాగేనమ్మా. వెళ్ళు,” అన్నారు మెల్లిగా.

తలుపు దగ్గరికి వెళ్ళి వెనక్కి చూస్తే, ఆయన చెయ్యి ఇంకా ఆ పెట్టె మీదే ఉంది.

“వచ్చేసిందిగా అక్కా, ఇంక ఆయనతో పనేముంది?” అన్నాడు తమ్ముడు. ఆమెకూ అదే సబబనిపించింది. ఆ వారం మాస్టారింటికి వెళ్ళలేదు.

శనివారం మధ్యాహ్నం డాన్సు హాలు సగం నిండింది. ఆమె ఎడమచెయ్యి నడక మొదలుపెట్టింది. ఆ స్వరాలకు చెక్కనేల పాదాల కింద అదిరింది. ముందు ఒక జంట లేచింది. ఆ వెనక ఇంకో జంట. కాసేపట్లో కుర్చీలన్నీ ఖాళీ అయ్యాయి. గోడకానుకున్న మేనేజరు కాలు కూడా తాళం వేస్తోంది.

“అక్కా, అటు చూడు,” అన్నాడు తమ్ముడు నవ్వుతూ. “మీ మాస్టారు సొంతిల్లనుకున్నట్టున్నారు.”

ముందు వరసలో భార్య పక్కన మాస్టారు బూట్లు విప్పేసి, ఒట్టి పాదాలు నేలకు ఆనించి, కళ్ళు మూసుకుని కూర్చున్నారు. చెంపలు తడిగా ఉన్నాయి.

ఆట ముగిశాక ఆయన బూట్లు తొడుక్కుంటుంటే, పెద్దావిడ మెల్లగా స్టేజీ దగ్గరికి వచ్చింది.

“ఈ వారం రాలేదేమ్మా? సాయంత్రమైతే చాలు, ఆయన గుమ్మంలోనే కూర్చుంటున్నారు.”

“ఓపిక లేక రాలేదండీ.” ఆమె వేళ్ళు నొక్కుకుంటూ ఆగింది. ఇన్నాళ్ళూ మనసులో మెలిపెడుతున్నది అడిగేసింది. “నా కుడిచేతి గురించి మాస్టారు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అంత పనికిమాలినదాండీ అది?”

“అయ్యో, అలా అనుకున్నావా తల్లీ!” పెద్దావిడ వెనక్కి తిరిగి భర్తను చూసింది. సంగతి తెలిస్తే ఎవరూ నేర్చుకోవటానికి రారని ఆయన ఒట్టు వేయించుకున్నారట. ఆవిడ ఆమె ఎడమచేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది.

“ఆయనకి చెవులు వినిపించవమ్మా.”