శనివారం కాపీ

"ఇవాళ సోమవారం కదండీ పద్దుగారూ," అంది అక్కగారు తలుపు తీస్తూనే. ఫోన్ ఇంకా చెవి దగ్గరే ఉంది. "సరేరా, రాసి పంపిస్తాను. ఇలాంటివి ఫోన్‌లో చెప్పకూడదు," అని అవతలి మనిషితో చెప్పి పెట్టేసింది.

అవతలి మనిషి ఎవరో పద్దులాయనకి తెలుసు. ఆవిడ తమ్ముడే, తను ఇరవై రెండేళ్ళుగా లెక్కలు రాస్తున్న రంగుల షాపు యజమాని. అరగంట కిందట కంప్యూటర్ రిపేరు మనిషి పెట్టె విప్పి చూసి, "డిస్కు పోయింది సార్. ఇక దీంట్లోంచి ఏమీ రాదు," అన్నాడు. యజమాని ఫోన్ పట్టుకుని గుమ్మం బయటికి వెళ్ళాడు. "అక్కా" అన్న ఒక్క మాట చెవిన పడేసరికి పద్దులాయన లేచి నిలబడ్డాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, టీ తాగొస్తానని చెప్పి వెనకదారిన బయటపడి, రెండు వీధులు దాటి ఇక్కడికి వచ్చి పడ్డాడు.

"కంప్యూటర్ పోయిందటగా. దానికేం, మొన్న శనివారం మీరు తెచ్చింది ఉందిగా," అంటూ ఆవిడ బీరువా మీంచి బిస్కెట్ల డబ్బా దించింది. అందులో ఎర్ర పెన్‌డ్రైవ్. దాని మీద తేదీ వేసి అంటించిన చీటీ. చేతిరాత ఆవిడదే.

పద్దులాయన చెయ్యి చాపలేదు.

థిన్నరు డబ్బాలుండే షాపు అది. నిప్పురవ్వ పడిందంటే కంప్యూటరూ మిగలదు, పక్కన సొరుగులో దాచిన కాపీ కూడా మిగలదు. అందుకే వారానికో కాపీ షాపు గడప దాటాలని నియమం. ప్రతి శనివారం సాయంత్రం లెక్కలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి అక్కగారికి ఇవ్వాలి, పోయిన వారానిది వెనక్కి తెచ్చుకోవాలి. ఎర్రదొకటి, నీలందొకటి. ఇచ్చి పుచ్చుకోవడం రెండు నిమిషాల పని. టీ, కబుర్లు మాత్రం గంట. భర్త పోయిన ఆవిడకి ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. పెళ్ళి ఊసే ఎత్తని పద్దులాయనకి అసలు ఇల్లంటేనే ఒక గది, ఒక తాళం.

పదహారు నెలల కిందట యజమాని, "ఇక పెన్‌డ్రైవ్‌ల గోల వద్దండీ. రోజూ సాయంత్రం కాపీ దానంతటదే ఆన్‌లైన్‌లోకి వెళ్ళిపోతుంది. మీరు అక్కింటికి తిరగక్కర్లేదు," అన్నాడు. పద్దులాయన బుద్ధిగా తలూపాడు. ఆ శనివారం ఆ మాట చెప్పి వద్దామనే వెళ్ళాడు. వెళ్ళేసరికి ఆవిడ చీటీ మీద తేదీ రాసి, టీకి నీళ్ళు పెట్టి ఉంది. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాడు. ఆ వచ్చే వారం ఇవాళ్టిదాకా రాలేదు.

"తీసుకోండి," అంది అక్కగారు.

"అందులో ఏమీ లేదండీ."

"ఏమీ అంటే?"

"పాత లెక్కలే. పదహారు నెలలుగా కొత్తవేమీ ఎక్కించలేదు. ఉత్తదే తెస్తున్నాను, ఉత్తదే పట్టుకెళ్తున్నాను."

ఆవిడ పెన్‌డ్రైవ్‌ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పింది. "వానలో కూడా వచ్చారు. ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని మరీ."

"వచ్చానండి."

"జ్వరంతో కూడా."

"అవునండి." పద్దులాయనకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఎందుకండీ?"

"పని లేకుండా మీ గుమ్మం ఎక్కడానికి మొహం చెల్లక. నేను చేసింది మోసమేనండి. మీరేమో నమ్మి, తేదీలు వేసి దాస్తున్నారు. ఆ చీటీ చూసినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి. అయినా మళ్ళీ శనివారం వచ్చేవాణ్ణి."

అక్కగారు కోప్పడలేదు. కోప్పడితే కాస్త బరువు దిగేది.

"లెక్కలు పదిలంగానే ఉంటాయి లెండి," అంది.

"సార్ ఎవరిచేతో ఆన్‌లైన్‌లో పెట్టించారట. నాకవేవీ అర్థం కావు."

ఆవిడ కిటికీ దగ్గర బల్ల ముందుకి వెళ్ళింది. ఆయన వచ్చినప్పుడల్లా మూసే ఉండే లాప్‌టాప్, దాని మీద కుట్టుపని బుట్ట. బుట్ట పక్కన పెట్టి, ఒక కాగితం మీద ఏదో రాసి, కవర్లో పెట్టి అంటించింది.

"ఇది తమ్ముడి చేతికే ఇవ్వండి. దారిలో విప్పకండి."

"శనివారం..." అని ఆగిపోయాడు పద్దులాయన.

"ముందు అది ఇచ్చి రండి," అంటూ ఆవిడ ఎర్ర పెన్‌డ్రైవ్‌ని మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టింది.

దారి పొడుగునా జేబులో కవరు గుచ్చుకుంటూనే ఉంది. ఫోన్‌లో చెప్పకూడని మాట ఇంకేముంటుంది? ఈ మనిషిని నమ్మకు, పంపించెయ్ అనే. చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఉద్యోగం పోతే ఇంకోచోట ఇంకెవరి లెక్కలో రాసుకోవచ్చు. శనివారాలు ఎక్కడ దొరుకుతాయి? అదీ ఆయన బాధ.

షాపులో రిపేరు మనిషి అప్పటికే కొత్త డిస్కు బిగించి కూర్చున్నాడు. పద్దులాయన కవరు రెండు చేతులతో అందించి, "తప్పు నాదే సార్," అన్నాడు.

"డిస్కు చస్తే మీరేం చేస్తారండీ," అంటూ యజమాని కవరు చింపి, చదవకుండానే కాగితం రిపేరు మనిషికి ఇచ్చాడు. "ఇదిగోనయ్యా పాస్‌వర్డ్."

రిపేరు మనిషి టపటపా కొట్టాడు. తెర మీదికి ఫైళ్ళు ఒక్కొక్కటే దిగడం మొదలుపెట్టాయి. పద్దులాయన గుడ్లప్పగించి చూస్తూ నిలబడ్డాడు.

"పదహారు నెలల్లో ఒక్క రోజు తప్పలేదు సార్. శనివారాలతో సహా అన్నీ ఉన్నాయి," అన్నాడు రిపేరు మనిషి. "ఇంత చక్కగా ఎవరు పెట్టారు ఇది?"

"మా అక్కే," అన్నాడు యజమాని.