అబ్‌హార్‌తో ఒక వాక్యం

"ఇంగ్లీషులో ఏందో రాస్తాంది, సూడప్పా," అంటూ కుళ్లాయప్ప కూతురు మల్లిక నోటుబుక్కును కాబోయే అల్లుడు లోకనాథ చేతికిచ్చాడు.

మల్లిక లాక్కోబోయింది, అందలేదు. లోకనాథ ధర్మవరంలో ఇంగ్లీషు టీచరు. రేపే నిశ్చితార్థం. వద్దని ఎన్నిసార్లు ఏడ్చినా నాయన వినలేదు. విపరీతమైన అసహ్యాన్ని చెప్పే 'అబ్‌హార్' అనే మాటతో వాక్యం రాసుకురమ్మన్నారు మల్లిక చదివే హిందూపురం కాలేజీలో. ఆమె రాసింది ఒక్కటే: "ఐ అబ్‌హార్ దిస్ మ్యారేజ్."

లోకనాథ చదివాడు. మళ్లీ చదివాడు. వాకిలికడ్డంగా నాయన నిలబడి ఉన్నాడు. ఆమెకు బయటికి పోయే దారి లేదు.

"తప్పులేమన్నా ఉండాయా అప్పా?"

"లేవు మామా. మాట సరిగ్గానే వాడింది." పుస్తకం మూసి ఆమెకే అందించాడు. "మామా, ఈ పెండ్లి నాకొద్దు. నేనే కాదన్నానని అందరికీ చెప్పు."

కుళ్లాయప్ప కేకలు మొదలుపెట్టాడు. మల్లిక మొదటిసారి లోకనాథ ముఖంలోకి చూసింది.