పాప మొండితనం ఎవరిది?

పోలికల అద్దాలు ఇంటింటికీ వచ్చాక బారసాలల్లో తగువులు తగ్గాయంటారు. అనకాపల్లిలో హైమ కూతురి బారసాలకు మాత్రం ఆ కబురు అందినట్టు లేదు.

పాపను తన ఎదురుగా పట్టుకోగానే బుగ్గమీది సొట్ట తల్లివైపుదనీ, ఒత్తయిన జుట్టు తండ్రివైపుదనీ అద్దం చెప్పింది. అమ్మమ్మ నూకరత్నం, నాయనమ్మ పైడమ్మ చెరొకటి పంచుకుని మురిసిపోయారు. ఇంతలో పాలసీసా నోటి దగ్గర పెడితే పాప పెదవులు బిగించేసింది. ఎంత బతిమాలినా తెరవలేదు.

"ఈ మొండితనం మీవోళ్లదే వదినగారూ," అంది పైడమ్మ.

"మాలో ఎవులికీ నేదండీ. మీదే," అంది నూకరత్నం.

హైమ విసుగెత్తి అద్దాన్నే అడిగింది.

"రెండువైపుల జన్యువులూ కలిస్తేనే ఈ గుణం బయటపడుతుంది," అంది అద్దం. "విడివిడిగా రెండువైపులవాళ్లూ నెమ్మదస్తులే."

"ఇన్నారా? మాది మంచిదే. మీది కలిసాకే సెడిపోనాది," అంది పైడమ్మ.

"ఆ మాటే నేనూ అంటన్నాను. మీరు ఒప్పుకునేదాకా ముద్ద ముట్టను," అంది నూకరత్నం.

"అయితే నేనూ ముట్టను!"

విస్తళ్లలో పులిహోర చల్లారిపోయింది. ఇద్దరినీ కాసేపు తేరిపార చూసిన అద్దం, "లెక్క మళ్లీ చూసుకుంటాను," అని తనంతట తానే ఆరిపోయింది.