గాడి లేని ముల్లు

ఆ అడవిలో ప్రతి కొమ్ముకూ రాజుగారు ఒక్కో తీరు గాడి కోయించారు. గాయంలో పడ్డ గాడి గుర్తు చూస్తే పొడిచిందెవరో తెలిసిపోయేది.

కొమ్ముల్లేని తల్లికుందేలు నక్క భయంతో బొరియలోనే తుమ్మముల్లు నూరుకుంది.

"దానికీ గాడి కోయించుకో పిన్నీ," అంటూ కావలికాకి గుమ్మంలోంచి తొంగిచూసింది.

"నా ఇల్లు, నా ముల్లు. నీకెందుకే?" అని కసిరి, ఇరుగుపొరుగుకీ నూరడం నేర్పింది.

వారం తిరక్కుండానే ఆమె కూతురు వాగొడ్డున ముల్లుపోటుకి చచ్చిపడి ఉంది.

"రోజంతా కాపలా కాస్తావుగా! ఎవరే చంపింది?" అని కాకిని నిలదీసింది.

"గాయంలో గాడి లేదు పిన్నీ. ఎవరని చెప్పను?"

ఓదార్చడానికి పొరుగువాళ్ళంతా వచ్చారు. అందరి చేతుల్లోనూ తను నూరడం నేర్పిన ముల్లే. ఎవరి భుజమ్మీద తల వాల్చి ఏడవాలో తల్లికుందేలుకి తెలియలేదు.