నిమ్మసబ్బు మహిమ

చేపలాయన పెళ్ళాం మొగుణ్ణి తిట్టడం మానేసిందంటే పుట్టింటికి మూట సర్దుకున్నట్టేనని పక్కింటి కుట్టుపనావిడ అందట. తిట్టే పెళ్ళాం కాపురం చేస్తుంది, తిట్టనిది దారి చూసుకుంటుంది అని కూడా అందట. ఐసు తెచ్చేవాడు దిమ్మెలతో పాటు ఆ మాటనూ దుకాణంలో దించి పోయాడు.

చేపలాయన నవ్వేశాడు గానీ, కత్తి కింద చేప రెండుసార్లు జారింది.

ఎందుకంటే మాట నిజమే. కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆయన గుమ్మం తొక్కితే చాలు, ఆవిడ ముక్కు మూసుకుని పెరటిదారి చూపించేది. ఒళ్ళు తోముకుంటే గానీ మంచినీళ్ళు పుట్టేవి కావు. ఆ తిట్లకు వీధి చివర గడ్డం గీయించుకునేవాళ్ళు కూడా ఉలిక్కిపడేవారు. అలాంటి మనిషి ఏడాదిగా చేపల బట్టలతోనే పక్కన కూర్చోనిస్తోంది.

అదంతా కొత్తగా కొన్న నిమ్మసబ్బు మహిమేనని ఆయన నమ్మకం. బస్సులో పక్కవాళ్ళు ఇప్పటికీ లేచిపోతున్నారంటే, అది వాళ్ళ పొగరు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి బావమరిది దిగి ఉన్నాడు. నరాల డాక్టరు, ఊరికే వచ్చే రకం కాదు. అక్కను తీసుకుపోవడానికే వచ్చాడనుకున్నాడు చేపలాయన.

బావమరిది ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ తెరుస్తున్నాడు. తలుపు వెనక మొన్నటి చేపలబుట్ట, చేపలాయన మరిచిపోయిందే, ఊరంతా చాటుతోంది. ఆవిడ దాని పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతోంది.

"ఈ కంపులో ఎలా కూర్చున్నావక్కా?"

"ఏం కంపురా?" అంది ఆవిడ మెల్లగా.

చేపలాయన ఛాతీ ఉప్పొంగింది. ఆవిడ కాఫీ పెట్టడానికి లేవగానే బావమరిది చెయ్యి పట్టుకుని, తన పక్షం తనే వాదించుకున్నాడు. ఎవరేం చెప్పారో గానీ మీ అక్క మారిపోయిందన్నాడు. నిప్పులు కక్కే ఆ మొహంలో ఇప్పుడు కోపమన్నది కనపడదట, నిండుకుండేనట. గొంతు ఎంత మెత్తబడిందంటే, ఏమన్నావని రెండోసారి అడగాలట. వీధిలో పది అడుగులు ముందుండే మనిషి, ఇప్పుడు కొత్తపెళ్ళికూతురిలా చిన్న చిన్న అడుగులేస్తూ వెనకే వస్తోందట. ఎడమ చెయ్యి కూడా ఊపదట, అంత అణకువ. నిద్రలో మాత్రం కేకలేసి తంతోంది, పగలు మింగిన తిట్ల బాకీ అలా తీర్చుకుంటోంది కాబోలని నవ్వాడు.

బావమరిది నవ్వలేదు. వంటింట్లోంచి పాలు మాడిన కమురు ముంచుకొచ్చింది. ఆవిడ పొయ్యి ముందే, అటు తిరిగి కప్పులు తుడుచుకుంటోంది.

"చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు బామ్మర్దీ. మొగుడి మీద ఇంత ప్రేమ పెట్టుకున్న మనిషి నన్నొదిలి నీతో వస్తుందా?"

"ఇవన్నీ పార్కిన్సన్స్ జబ్బు తొలి గుర్తులు, బావా."