పనికిరాని బెల్టు

"ఇది పనికిరాదండీ."

ఆ మాటకి కుట్టుమిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి.

అన్నవాడు బల్ల ముందు నిలబడి ఉన్నాడు. కోటు తొడుక్కోకుండా భుజాల మీద వేసుకుని, కుడిచేత్తో బెల్టును అటూ ఇటూ తిప్పుతున్నాడు.

అక్కకి ఒళ్లు మండింది. ఆ కార్ఖానా ఆవిడది. చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కే. యుద్ధానికి ముందు అక్కడ స్కూలు బ్యాగులు కుట్టేవారు. ఇప్పుడు అదే పట్టీతో, అదే బకిల్‌తో సిపాయిలకి రక్తం ఆపే బెల్టులు కుడుతున్నారు. గాయానికి పైన బిగిస్తే చాలు, రక్తం కట్టేస్తుంది.

"ఎవరండీ తమరు? సర్కారు మనిషా?"

"కాదండీ. బెల్టు మీద మీ ముద్ర చూసి వచ్చాను."

"వచ్చి కొత్తల్లుడిలా వంకలు పెడుతున్నారన్నమాట!"

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. అతనూ నవ్వాడు.

అక్క పక్కనున్నావిడ చేతికి ఇంకో బెల్టు వేసి లాగింది. చిటికెలో బిగిసింది.

"చూశారా? రోజూ ఇలా ఒకరికొకరం కట్టి చూశాకే పంపుతాం. మా తమ్ముడు బతికింది ఈ బెల్టుతోనే, తెలుసా? వంతెన దగ్గర తొడకి దెబ్బ తగిలింది."

అతను బెల్టు తిప్పడం ఆపాడు.

"కాలు ఉందా?"

"నిక్షేపంలా ఉంది! నడుస్తాడన్నారు."

అతని మొహం వెలిగింది.

"చాలా సంతోషమండీ. అయినా ఇది పనికిరాదు. మీకు మీరే కట్టుకోండి, ఒంటిచేత్తో."

అక్క కట్టుకోబోయింది. బకిల్ పట్టుకుంటే పట్టీ లాగడానికి చెయ్యి లేదు. పట్టీ లాగితే బకిల్ జారిపోతోంది.

"పక్కన ఎవరూ ఉండరా ఏంటి?"

"ఉంటారండీ. వాళ్లకీ దెబ్బ తగిలి స్పృహ ఉండదు."

"చెప్పడం కాదు, వచ్చి ఓ చెయ్యి వెయ్యండి. ఆ రెండోది కోటులో నిద్రపోతోందా?"

"అలాగే అనుకోండి," అని నవ్వి, అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

పీడ వదిలిందనుకుంది అక్క. కానీ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నా ధ్యాసంతా బెల్టు మీదే. ఎడమచేతిని వేలాడేసి, కుడిచేత్తో కట్టి చూసింది. పళ్లతో పట్టింది. జారింది. అతన్ని తిట్టుకుంది. మళ్లీ కట్టింది.

చివరికి బకిల్ పీకి పారేసింది. చెయ్యి దూర్చడానికి వీలుగా పట్టీని ముందే గుండ్రంగా కుట్టింది. కొసకి పళ్లతో పట్టుకునే ఉంగరం, మెలిపెట్టడానికి చిన్న కర్ర. ఒంటిచేత్తో మెలిపెడితే రక్తం ఆగి, మణికట్టు దగ్గర నాడి అందలేదు.

"అదీ సంగతి!" అని బల్ల గుద్దింది అక్క.

మామూలు రోజుల్లో అయితే ఈ మార్పుకి అనుమతి వచ్చేసరికి తల పండిపోయేది. యుద్ధం ఆగదు కదా! డాక్టర్లు వచ్చి చూశారు, సరేనన్నారు, పాత బెల్టులన్నీ వెనక్కి రప్పించారు.

"ఆ కొత్తల్లుడు మళ్లీ వస్తే పోనివ్వకండి. నా చేత్తో టీ ఇచ్చి మరీ చూపిస్తా," అంది అక్క.

అతను రాలేదు. చేతికర్ర పట్టుకుని తమ్ముడొచ్చాడు. అక్క ఉత్సాహంగా కొత్త బెల్టు చూపించి, కథంతా చెప్పింది.

"కోటు భుజాల మీద వేసుకున్నాడా అక్కా?"

"అవున్రా, దొరగారి ఫోజు! రెండో చెయ్యి బయట పెడితే ఒట్టు."

"ఉంటే కదక్కా పెట్టడానికి."

అక్క చేతిలోని బెల్టు బల్ల మీద పెట్టేసింది.

"ఇద్దరికీ ఒకే పేలుడులో తగిలింది. నాకు కాలికి, ఆయనకి చేతికి. వేరే దళం మనిషి, పేరు కూడా తెలీదు. నేను లేచి తిరిగేసరికి కోటు భుజాల మీద వేసుకుని ఆసుపత్రి నుంచి వెళ్లిపోయాడని నర్సులు చెప్పారు."

"మరి ఆయన దగ్గర మన బెల్టు లేదురా?"

"ఉంది," అన్నాడు తమ్ముడు. "రెండు చేతులూ ఆడుతున్నంతసేపూ నాకు కట్టాడక్కా. తనది తీసేసరికి ఆయనకి ఒక్క చెయ్యే మిగిలింది."