అరువు కస్టమర్లు

"బావా, ఇయ్యాల మజ్జానం నీ స్టాఫ్‌ని నాకు అరువియ్యాల" అన్నాడు సింహాద్రి ఫోన్లో.

"అరువేటిరా? ఆళ్లేటి, కప్పుడు పంచదారేటి?" అన్నాడు అవతల నుంచి తవిటయ్య.

నవ్వే తీరిక సింహాద్రికి లేదు. అతను వన్ టౌన్‌లో మహోదయ స్టోర్స్ మేనేజరు. తవిటయ్య కూర్మన్నపాలెం మహోదయకి మేనేజరు, పైగా సింహాద్రి అక్క మొగుడు. చీరల నుంచి చీపుళ్ల దాకా ఒకే కప్పు కింద అమ్మే మహోదయకి ఒకప్పుడు ఊరంతా కొట్లే. ఇప్పుడు జనం మంచం దిగకుండా ఫోన్లోనే కొనేస్తున్నారు. భీమిలి కొట్టు బిర్యానీ హోటలైంది. ఇంకోటి జిమ్మైంది. మిగిలినవి ఈ రెండే. మహోదయ పెట్టిన పెద్దాయన మనవరాలు హిమబిందు పోయిన నెలే పగ్గాలు పట్టింది. ఖాళీగా కనిపించిన కొట్టు మూసేస్తానని ముందే చెప్పేసింది. ఇవాళ సాయంత్రం వన్ టౌన్ చూస్తుంది, రేపు కూర్మన్నపాలెం.

"ఇయ్యాల మీరొచ్చి మా కొట్లో కస్టమర్లయిపోండి. రేపు మేమొచ్చి మీ కొట్లో అయిపోతాం. రెండూ కిటకిటలాడతంటే ఆయమ్మ ఏది మూత్తాది?"

"మా మొకాలు గుర్తుపడితేనో?"

"ఎలా గుర్తుపడతాది? పుట్టి పెరిగిందంతా హైదరాబాదు. మన కొట్టు గుమ్మమే ఎరగదు."

"మరి నా కొట్టెవులు సూసుకుంతారు?"

"మంగళారం మజ్జానం నీ కొట్లోకి ఎవులొత్తారు బావా? నిజం సెప్పు."

తవిటయ్య నిజంగానే ఆలోచించాడు. "ఈగలొత్తాయి" అని ఒప్పుకున్నాడు. "ఆటికి వాచ్‌మన్ సాలు. వత్తన్నాం."

భోజనాలవగానే కూర్మన్నపాలెం స్టాఫ్ మొత్తం ఆటోల్లో దిగింది. ఆడవాళ్లు పేరంటానికొచ్చినట్టు పట్టుచీరలు కట్టుకొచ్చారు. తవిటయ్య ఇస్త్రీ చొక్కా వేసి, సెంటు కూడా కొట్టుకున్నాడు. అంతా బాగానే ఉంది గానీ, అలవాటు ఎక్కడికి పోతుంది? వచ్చిన ఐదు నిమిషాల్లోనే ఒకావిడ చూసిన చీరని చూసినట్టు చక్కగా మడతపెట్టి అరలో సర్దేసింది.

చీరల కౌంటర్లో ఉన్న షబానా నెత్తి కొట్టుకుంది. "అరే, ఏటక్కా నువ్వు! కస్టమర్లు ఎక్కడైనా మడతలెడతారా? లాగి పడీ. ఇంకో పది తియ్యమను. ఆఖర్న ఏదీ నచ్చలేదని మూతి తిప్పు."

"అలాటోళ్లని తిట్టుకుంటానే ఇన్నాళ్లూ బతికినామమ్మా" అంది ఆవిడ, కొత్త చీర ఒకటి లాగి కుప్పలో పడేస్తూ.

సూట్‌కేసుల దగ్గర తవిటయ్య పని ఇంకా కష్టంగా ఉంది. "బేరమాడు బావా" అని సింహాద్రి అతని చెవిలో గొణిగాడు. "ఏటి ఆడీది? మన రేటు నాయమైనదేరా. నోరు రాటం నేదు" అన్నాడు తవిటయ్య.

అయినా గంట తిరిగేసరికి అందరికీ ఊపొచ్చింది. కొట్టు నిండా గోల. కాళ్ల కింద చీరలు. ఇంతమంది ఎగబడుతున్నారంటే ఏదో ఉందనుకుని రోడ్డు మీద పోయేవాళ్లు కూడా లోపలికొచ్చారు. వాళ్లు నిజంగానే కొన్నారు! దసరా రోజుల్లో తప్ప మళ్లీ చూస్తాననుకోలేదు సింహాద్రి ఆ సందడిని. అతనికి కళ్లు చెమర్చాయి.

అప్పుడే కారు ఆగింది. హిమబిందు దిగింది. చేతిసంచిలోంచి ఆకు పొట్లం తీసి సింహాద్రి చేతిలో పెట్టింది.

"కొత్తగా బాధ్యత తీసుకున్నా కదండీ. అన్నవరంలో వ్రతం చేసుకుని, ఇలా వచ్చేశాను."

సింహాద్రి ప్రసాదం కళ్లకద్దుకున్నాడు. ఆమె జనాన్ని తప్పించుకుంటూ కొట్టంతా తిరిగింది. సూట్‌కేసుల దగ్గర ఆగి తవిటయ్యని పలకరించింది.

"మీరు ఎప్పుడూ మహోదయకే వస్తారా అండీ?"

"మీసాలొచ్చినకాణ్ణుంచి ఇంకో కొట్టు గుమ్మం తొక్కనేదమ్మా" అన్నాడు తవిటయ్య. అందులో అబద్ధమేమీ లేదు.

హిమబిందు మొహం వెలిగిపోయింది. "సింహాద్రిగారూ, ఇలాంటి మనుషులున్నంతకాలం ఈ కొట్టు మూయను. మాటిస్తున్నాను."

షబానా అరవబోయి నోరు నొక్కుకుంది. పట్టుచీరలన్నీ ఒకేసారి గలగలా నవ్వాయి. తవిటయ్య బావమరిది వంక చూసి కన్ను కొట్టాడు. రేపు నీ వంతు అన్నట్టు.

సింహాద్రికి ధైర్యం తన్నుకొచ్చింది. "రేపు కూర్మన్నపాలెం కూడా సూడండమ్మా! అక్కడా ఇలాగే కిటకిటలాడతాది. అక్కడి మేనేజరు కొట్టంటే పేనం పెడతాడు."

"రేపెందుకండీ? అన్నవరం నుంచి వచ్చే దారే కదా, ఇందాకే దిగి చూశాను" అంది హిమబిందు, సంచిలోంచి ఇంకో పొట్లం తీస్తూ. "కస్టమర్లు లేరంటే సర్దుకుపోవచ్చు. కౌంటర్లో ఒక్కరంటే ఒక్కరు లేరు! గుమ్మంలో వాచ్‌మన్ గురక. మేనేజరే వదిలేసి పోయిన కొట్టుని నేనెవరి కోసం ఉంచాలి? అక్కడి నుంచే బిల్డింగు ఓనరుకి ఫోన్ చేసి ఖాళీ చేస్తున్నామని చెప్పేశాను. తీసుకోండి బాబాయ్‌గారూ, ప్రసాదం" అంటూ పొట్లాన్ని తవిటయ్య చేతిలో పెట్టింది.